హెచ్‌డీపీఈ పైపులైన్‌లో వెల్డింగ్ జాయింట్ల వల్ల ఎంత హెడ్ పోతది, లెక్క ఎలా వేసుకోవాలి, జాయింట్ ఎలా వేయించుకోవాలి

బావి దగ్గర్నుంచి పొలానికో, చెరువు దగ్గర్నుంచి ఫామ్‌పాండ్‌కో కిలోమీటరు దూరం హెచ్‌డీపీఈ పైపు వేయించుకునేవాళ్ళకి దాదాపు అందరికీ వచ్చే డౌట్ ఇది. ఇన్ని వెల్డింగ్‌లు పడుతున్నాయి, ప్రతి జాయింట్ దగ్గర లోపల రింగులాగా లేస్తది కదా, దానివల్ల నీళ్ళు తగ్గిపోవా అని. కొంతమంది అసలేం కాదు వదిలేయండి అంటారు, ఇంకొంతమంది జాయింట్లు ఎక్కువైతే సగం నీళ్ళు పోతాయని భయపెడతారు. రెండూ కరెక్ట్ కాదు. 110 లాంటి సైజు పైపులో జాయింట్ పద్ధతిగా వేస్తే పోయేది మొత్తం రాపిడి నష్టంలో, అంటే నీళ్ళు పైపు గోడకి రాసుకుని పోయే ఒత్తిడిలో, రెండు మూడు శాతం, గట్టిగా లెక్కేసినా ఐదు. చెడ్డగా వేస్తే మాత్రం అదే పది, పదిహేను, ఇరవై శాతం దాకా పోతది, పైగా ఆ జాయింట్ బలంగా కూడా ఉండదు. కాబట్టి ఎన్ని జాయింట్లు అనేదానికంటే ఒక్కో జాయింట్ లోపల బీడ్, అంటే ఆ రింగు, ఎంత ఎత్తు లేచింది అనేదే అసలు ప్రశ్న, దాన్ని లెక్కలో చూద్దాం.

ముందు బీడ్ ఎందుకు లేస్తదో చూడండి. బట్ వెల్డింగ్‌లో రెండు పైపుల మూతుల్ని హీటర్ ప్లేట్‌కి ఆనించి కరిగిస్తారు, తర్వాత ప్లేట్ తీసేసి రెండు మూతుల్నీ ఒకదానికొకటి నొక్కుతారు, కరిగిన ప్లాస్టిక్ కొంత బయటికి, కొంత లోపలికి పొంగి రెండు వైపులా చుట్ట తిరుగుతది. బయట కనపడే జంట రింగు, లోపల కనపడని జంట రింగు, రెండూ ఒకే కరుగులోంచి వచ్చినవే. నీళ్ళు ఆ లోపలి రింగు దగ్గరికి వచ్చేసరికి దారి ఇరుకై వేగం పెరుగుద్ది, రింగు దాటాక దారి మళ్ళీ వెడల్పవుద్ది కానీ నీళ్ళు వెంటనే గోడకి అంటుకోవు, రింగు వెనకాల సుడి తిరుగుతది, ఆ సుడిలోనే హెడ్, అంటే మీటర్ల ఎత్తులో చెప్పే నీళ్ళ ఒత్తిడి, పోతది. ఇరుకు దగ్గర పోయేది తక్కువే, దాటాక సర్దుకునేటప్పుడు పోయేదే ఎక్కువ, అందుకే రింగు ఎత్తు కొంచెం పెరిగినా నష్టం చాలా పెరుగుద్ది. ఎత్తు రెండింతలైతే నష్టం నాలుగైదు రెట్లు అవుద్ది, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్కంతా సులువు.

ఇప్పుడు ఒక లైన్ తీసుకుందాం. 110 మిల్లీమీటర్ల పైపు, పీఈ 100 గ్రేడ్ ప్లాస్టిక్, ఎస్‌డీఆర్ 17 (బయటి వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె), అంటే మనవాళ్ళ భాషలో పది కేజీల పైపు, చదరపు సెంటీమీటరుకి పది కేజీల ఒత్తిడి తట్టేది. హెచ్‌డీపీఈలో 110 అనేది బయటి కొలత, గోడ మందం 6.6 మిల్లీమీటర్లు, రెండు వైపులా తీసేస్తే లోపలి వ్యాసం 96.8. దూరం 1 కిలోమీటరు, నీళ్ళు సెకనుకి 8 లీటర్లు, అంటే నిమిషానికి 480. పైకెక్కించాల్సిన ఎత్తు 15 మీటర్లు అనుకుందాం. సుమారు 5 హెచ్‌పీ మోటారు పని.

నీళ్ళ వేగం కావాలంటే ఫ్లోని లోపలి వైశాల్యంతో భాగించండి, ఇక్కడ సెకనుకి 1.09 మీటర్లు వస్తది. ఆ వేగాన్ని వర్గం చేసి 19.62తో భాగిస్తే వెలాసిటీ హెడ్, ఇక్కడ సుమారు 6 సెంటీమీటర్లు. జాయింట్ల లెక్కంతా ఈ 6 సెంటీమీటర్ల మీదే నడుస్తది. పైపు రాపిడి హేజెన్ విలియమ్స్ పద్ధతిలో సీ విలువ (పైపు లోపల ఎంత నున్నగా ఉందో చెప్పే అంకె) 150 పెట్టి వేస్తే కిలోమీటరుకి దాదాపు 11 మీటర్లు వస్తది, డార్సీ పద్ధతిలో వేసినా అటూ ఇటూగా అంతే, ఎందుకంటే కొత్త హెచ్‌డీపీఈ లోపల చాలా నున్నగా ఉంటది. అంటే మోటారు ఎత్తు కోసం 15, రాపిడి కోసం 11, మొత్తం 26 మీటర్లు తోయాలి.

ఇక జాయింట్లు. 6 మీటర్ల ముక్కలతో వేస్తే కిలోమీటరుకి 166 జాయింట్లు. ఒక్కో జాయింట్‌లో ఎంత పోతదో చూడటానికి ఆ జాయింట్‌కి ఒక కె విలువ కావాలి, కెని వెలాసిటీ హెడ్‌తో గుణిస్తే ఆ జాయింట్ నష్టం. కె ఎంతో తెలియాలంటే లోపలి బీడ్ ఎత్తుని లోపలి వ్యాసంతో భాగించి ఎంత శాతమో చూడండి. రింగుని పదునైన అంచున్న పలక అనుకుని, ఇరుకు దాటి వెడల్పయ్యే మామూలు ఫార్ములాతో లెక్కేస్తే 2 శాతానికి 0.03, 3 శాతానికి 0.08, 4 శాతానికి 0.15, 5 శాతానికి 0.25, 6 శాతానికి 0.37 దాకా వస్తది. ఇవి పై హద్దులు. అసలు బీడ్ గుండ్రంగా చుట్ట తిరిగి ఉంటది కాబట్టి ఇందులో సగం వేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటదని నా లెక్క, జాగ్రత్త కోసం కావాలంటే పై హద్దే వేసుకోండి.

మన పైపులో మంచి జాయింట్ లోపలి బీడ్ 2.5 మిల్లీమీటర్లు అనుకుంటే అది వ్యాసంలో 2.6 శాతం, పై హద్దు సుమారు 0.055, సగం వేస్తే 0.03. దాన్ని 6 సెంటీమీటర్లతో గుణిస్తే జాయింట్‌కి 1.8 మిల్లీమీటర్లు, 166 జాయింట్లకీ కలిపి 30 సెంటీమీటర్లు. 11 మీటర్ల రాపిడిలో 30 సెంటీమీటర్లు అంటే మూడు శాతం లోపే. పై హద్దు వేసినా 55 సెంటీమీటర్లే, ఐదు శాతం. 26 మీటర్లు తోసే మోటారుకి ఇది తెలియను కూడా తెలియదు.

అదే బీడ్ 5 మిల్లీమీటర్లు లేచిందనుకోండి, కె సగం వేస్తే 0.13, పై హద్దు 0.26, మొత్తం లైన్ మీద 1.3 మీటర్ల నుంచి 2.6 మీటర్ల దాకా పోతది. ఇది తెలుస్తది. మన దగ్గర వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి ఈ నష్టం బిల్లులో కనపడదు, నీళ్ళలో కనపడుద్ది, కరెంటు గంటల లెక్కన ఇచ్చే చోట ఆ గంటల్లో ఫామ్‌పాండ్ నిండాల్సినంత నిండదు. ఎంత తగ్గిందో కచ్చితంగా కావాలంటే మీ మోటారు కర్వ్ (ఏ హెడ్ దగ్గర ఎంత ఫ్లో ఇస్తదో చూపే గీత) తెప్పించుకుని, పెరిగిన హెడ్ దగ్గర ఫ్లో ఎంతో చూసుకోవాలి.

సైట్ మీద ఇంత లెక్క వద్దు అనుకుంటే ఇంకో దారి ఉంది, జాయింట్‌ని అదనపు పైపు పొడవుగా అనుకోవడం. కెని లోపలి వ్యాసంతో గుణించి రాపిడి గుణకంతో, అంటే ఎఫ్‌తో భాగించాలి, ఈ సైజుకి ఎఫ్ 0.018 దగ్గర ఉంటది. మన మంచి జాయింట్ ఒక్కోటి 16 సెంటీమీటర్ల పైపుతో సమానం, 166 జాయింట్లు 27 మీటర్ల పైపుతో సమానం. కిలోమీటరు లైన్‌ని 1027 మీటర్లు అనుకుని లెక్కేసుకోండి, పనైపోయింది. జాయింట్ల మధ్య 6 మీటర్లంటే వ్యాసానికి 60 రెట్ల దూరం కాబట్టి ఒక రింగు వెనకాల లేచిన సుడి తర్వాతి రింగు దాకా రాదు, అందుకే ఇలా విడివిడిగా లెక్కేసి కూడితే సరిపోతది.

ఇక్కడే ఒకటి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది జాయింట్ల గురించి బెంగపడి దీన్ని వదిలేస్తారు. మోల్డెడ్ 90 డిగ్రీల ఎల్బో ఒక్కదానికి కె 0.9 దాకా ఉంటది, అంటే ముప్పై మంచి జాయింట్లతో సమానం. రెండు ముక్కల్ని ఏటవాలుగా కోసి ఒక్క వెల్డింగ్‌తో అతికించిన ఎల్బో అయితే ఇంకా ఎక్కువ, 1.1 దాకా. లైన్‌లో ఆరు ఎల్బోలు ఉంటే అక్కడే 166 జాయింట్లంత నష్టం అయిపోయింది. హెచ్‌డీపీఈ వంగే పైపు, 110 పైపుని మూడు మూడున్నర మీటర్ల వ్యాసార్ధంతో హాయిగా తిప్పొచ్చు, జేసీబీవాడికి చెప్పి మూల దగ్గర ట్రెంచ్‌ని కొంచెం గుండ్రంగా తీయిస్తే చాలు, ఎల్బోతో పనే లేదు. వంపు మధ్యలో మాత్రం జాయింట్ పడకుండా చూసుకోండి.

దానికంటే పెద్దది పైపు గోడ మందం. పైన చెప్పిన 26 మీటర్ల హెడ్ అంటే 2.6 కేజీల ఒత్తిడే. దానికి పది కేజీల పైపు ఎందుకు, ఎస్‌డీఆర్ 26, అంటే ఆరు కేజీల పైపు తీసుకుంటే గోడ 4.2, లోపలి వ్యాసం 101.6, రాపిడి 11.3 నుంచి 8.9కి పడిపోద్ది. 2.4 మీటర్లు మిగిలింది, 166 జాయింట్ల నష్టానికి ఎనిమిది రెట్లు, పైపు బరువు తగ్గింది కాబట్టి రేటు కూడా తగ్గుద్ది. మోటారు ఆగినప్పుడు వచ్చే వాటర్‌హ్యామర్ దెబ్బ కూడా ఆరు కేజీల్లో పట్టాలి, అది ఒకసారి చూసుకుని డిసైడ్ అవ్వండి. దీనికి పూర్తి రివర్స్ ఇంకోటి, డబ్బులు మిగులుతాయని 110 బదులు 90 పైపు అదే పది కేజీలది వేస్తే రాపిడి 30 మీటర్లు, మోటారే సరిపోదు. జాయింట్ల గురించి ఆలోచించే ముందు పైపు లోపలి వ్యాసం సరిగ్గా ఎంచుకోండి, వెర్నియర్ తీసుకెళ్ళి షాపులోనే గోడ కొలవండి, పైపు మీద ఐఎస్ 4984 (హెచ్‌డీపీఈ నీళ్ళ పైపుల భారత ప్రమాణం) అని, పీఈ గ్రేడ్, ప్రెషర్ రేటింగ్ ముద్ర ఉందో లేదో చూడండి.

సరే, ఇప్పుడు జాయింట్ వేయించడం. బీడ్ చిన్నగా రావాలని వేడి తగ్గించమనో, మెల్లగా నొక్కమనో వెల్డర్‌కి చెప్పొద్దు, దయచేసి అసలు చెప్పొద్దు. బీడ్ అనేది కరుగు సరిగ్గా కలిసిందనడానికి గుర్తు, వేడి చాలకపోతే బీడ్ చిన్నగా అందంగానే ఉంటది కానీ లోపల అతుకు ఉండదు, ప్రెషర్ పెట్టగానే ఊడొస్తది. మనకి కావాల్సింది చిన్న బీడ్ కాదు, సరైన బీడ్. పద్ధతిగా వేస్తే అది దానంతట అదే సరైన సైజులో వస్తది.

పద్ధతి అంటే, మన 6.6 మిల్లీమీటర్ల గోడకి అంకెలు చెప్తాను, జర్మన్ డీవీఎస్ 2207 పద్ధతిలోవి ఇవి, మెషిన్‌తో పాటు ఇచ్చే టేబుల్ వేరే పద్ధతిదైతే ఆ టేబులే మొదటి నుంచి చివరిదాకా ఫాలో అవ్వండి, సగం అది సగం ఇది కలపొద్దు. పైపులు క్లాంప్‌లో బిగించి ట్రిమ్మర్‌తో రెండు మూతులూ చెక్కించాలి, రెండు వైపుల నుంచీ తెగకుండా రిబ్బన్‌లాగా పొట్టు రావాలి, అప్పుడే మూతి చదునైనట్టు. తర్వాత రెండు మూతులూ దగ్గరికి తెచ్చి చూస్తే మధ్యలో సందు అర మిల్లీమీటరు దాటకూడదు, ఒకదానికొకటి ఎత్తుపల్లం గోడ మందంలో పదో వంతు, అంటే 0.6 మిల్లీమీటర్లు దాటకూడదు. చుట్ట పైపు అయితే మూతి కోడిగుడ్డు ఆకారంలోకి పోతది, క్లాంప్‌తో గుండ్రంగా చేసి బిగించకపోతే ఒక పక్క మెట్టు పడుద్ది, ఆ మెట్టు బీడ్‌కి తోడై ఇంకొంచెం హెడ్ తినేస్తది, అతుకు బలం కూడా తగ్గుద్ది. చెక్కిన పొట్టు పైపు లోపల పడితే అక్కడే తీసేయాలి, అది తర్వాత డ్రిప్ ఫిల్టర్‌లోనో వాల్వులోనో ఇరుక్కుంటది, అప్పుడు నీళ్ళు తగ్గి జాయింట్ల మీద పడి ఏడుస్తారు.

హీటర్ ప్లేట్ 200 నుంచి 220 డిగ్రీలు, పల్చటి గోడకి 220 వైపు. ప్లేట్‌ని నూలు గుడ్డకి స్పిరిట్ పెట్టి తుడవాలి, డీజిల్‌తోనో పెట్రోల్‌తోనో తుడవకూడదు, చేతి చెమట కూడా చెక్కిన మూతికి తగలకూడదు. మూతుల్ని ప్లేట్‌కి ప్రెషర్ పెట్టి ఆనిస్తే చుట్టూ బీడ్ 1 మిల్లీమీటరు లేచేదాకా ఉంచాలి, ఆ వెంటనే ప్రెషర్ దాదాపు సున్నాకి తగ్గించేయాలి, ఊరికే ఆని ఉండాలంతే, అలా గోడ మందానికి పది రెట్ల సెకన్లు, మన పైపుకి 66 సెకన్లు నానబెట్టాలి.

మన సైట్లలో లోపలి బీడ్ పెద్దదవడానికి నూటికి తొంభై సార్లు కారణం ఈ అడుగే. ప్రెషర్ తగ్గించరు. అలాగే బిగబట్టి ఉంచుతారు, కరిగింది కరిగినట్టు బయటికీ లోపలికీ పొర్లిపోద్ది, నొక్కే టైంకి మూతి దగ్గర కరుగు మిగలదు, లోపల మాత్రం ఇంత లావు పెదవి తయారవుద్ది. హెడ్డూ పోయింది, బలమూ పోయింది, ఒకే తప్పుతో రెండూ. చేత్తో లాగే చిన్న మెషిన్ల మీద ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే గేజ్ ఉండదు, మనిషి బలమే ప్రెషర్. కాబట్టి పైపు వేయించుకునేవాళ్ళు పక్కన నిలబడి చూడాల్సింది ఈ ఒక్క నిమిషమే, ప్రెషర్ తగ్గించాడా లేదా.

తర్వాత ప్లేట్ తీసి మూతులు కలపడానికి ఆరు సెకన్లు దాటకూడదు, గాలి వీస్తుంటే ఇంకా తొందరగా, లేదా ఒక టార్పాలిన్ అడ్డం పెట్టుకోవాలి, పైపు రెండో చివర మూత వేసేస్తే లోపల గాలి లాగదు. కలిపాక ప్రెషర్‌ని ఐదారు సెకన్లలో మెల్లగా పెంచాలి, ఒక్కసారిగా గుద్దకూడదు, గుద్దితే కరుగంతా చిమ్మి మళ్ళీ పెద్ద బీడ్. అతుకు మీద పడాల్సిన ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 0.15 న్యూటన్లు, మన పైపు గోడ వైశాల్యానికి అది సుమారు 33 కిలోల బరువు, అంతే, చాలామంది అనుకున్నదానికంటే చాలా తక్కువ. దీనికి పైపుని లాగడానికి పట్టే డ్రాగ్ ప్రెషర్ కలపాలి, పొడవు పైపు నేల మీద పడుంటే డ్రాగ్ ఎక్కువ ఉంటది, రోలర్లు పెట్టుకుంటే తగ్గుద్ది, ప్రతి జాయింట్‌కీ విడిగా చూడాలి. ఆ ప్రెషర్ మీదే పది నిమిషాలు చల్లారనివ్వాలి, నీళ్ళు పోసి చల్లార్చకూడదు. ఎండాకాలం మన దగ్గర పైపు ముట్టుకుంటేనే కాలుతుంటది, అప్పుడు చల్లారడానికి ఇంకా ఎక్కువ టైం ఇవ్వాలి, వీలైతే పొద్దున్నే వెల్డింగ్ పెట్టించుకోండి. జనరేటర్ వోల్టేజ్ పడిపోతే ప్లేట్ వేడెక్కదు, డిస్‌ప్లే నమ్మకుండా చిన్న థర్మామీటర్‌తో ప్లేట్ మీద రెండు మూడు చోట్ల చూడటం మంచిది.

లోపలి బీడ్ ఎంత లేచిందో ఎలా చూడాలి అంటే, పని మొదలుపెట్టే రోజు మొదటి జాయింట్‌ని ట్రయల్‌గా చిన్న ముక్కల మీద వేయించి నిలువుగా కోయించండి, వెర్నియర్‌తో లోపలి బీడ్ ఎత్తు కొలిచి రాసుకోండి. దానికి వెల్డర్ టైం, అర మీటరు పైపు పోతది, పోనివ్వండి. అదే ముక్కని జాయింట్ దగ్గర వెనక్కి బాగా వంచి చూస్తే అతుకు పగలకూడదు, రెండు పరీక్షలూ ఒకే ముక్క మీద అయిపోతాయి. తర్వాత లైన్ మీద వేసే ప్రతి జాయింట్‌కీ బయటి బీడ్ చూసి పోల్చుకోండి, బయటిది చుట్టూ ఒకే వెడల్పులో, రెండు చుట్టలూ సమానంగా, మధ్య గాడి పైపు పైభాగం కంటే ఎత్తులోనే ఉండాలి. బయటిది ట్రయల్ కంటే బాగా పెద్దగా ఉంటే లోపలిదీ పెద్దదే. మొబైల్‌కి తగిలించే చిన్న కెమెరా వైర్ ఒకటి దొరుకుద్ది, కొత్తగా వేసిన జాయింట్ 6 మీటర్ల దూరంలోనే ఉంటది కాబట్టి పైపు మూతి లోంచి దూర్చి చూడొచ్చు, లైన్ కప్పేశాక ఆ అవకాశం ఉండదు.

జాయింట్లే తగ్గించుకోవాలంటే 63, 75, 90 సైజుల్లో పైపు చుట్టలుగా దొరుకుద్ది, 110లో కూడా దొరుకుద్ది కానీ బరువు, విప్పడం కష్టం. 63 పైపు వంద మీటర్ల చుట్టలు తీసుకుంటే కిలోమీటరుకి తొమ్మిది జాయింట్లే. చిన్న సైజుకి ఇది ముఖ్యం, ఎందుకంటే 63 పది కేజీల పైపు లోపలి వ్యాసం 55.4, అదే 2.5 మిల్లీమీటర్ల బీడ్ ఇక్కడ నాలుగున్నర శాతం, కె 0.1 నుంచి 0.19 దాకా పోద్ది, 6 మీటర్ల ముక్కలతో వేస్తే రాపిడి మీద నాలుగు నుంచి తొమ్మిది శాతం అదనం. పెద్ద సైజుల్లో 12 మీటర్ల ముక్కలు తెప్పించుకుంటే జాయింట్లు సగం, రవాణా లారీ మాత్రం పొడుగుది కావాలి. ఎలక్ట్రోఫ్యూజన్ కప్లర్ (లోపలి తీగకి కరెంటు ఇస్తే కరిగి పైపుకి అతుక్కునే తొడుగు) వేస్తే లోపల బీడ్ అసలు ఉండదు, కానీ రేటు ఎక్కువ కాబట్టి లైన్ అంతా వేయడం దండగ, ట్రెంచ్‌లో మెషిన్ పట్టని చోట, రెండు లైన్లు కలిపే చోట వాడండి. అక్కడ కూడా పైపు పై పొర గీకాలి, రెండు పైపులూ కప్లర్ మధ్యదాకా దూరాలి, మార్కర్‌తో గీత పెట్టుకుని దూర్చాలి, సగమే దూరితే కరిగిన ప్లాస్టిక్ ఖాళీలోంచి లోపలికి కారి అడ్డం పడుద్ది.

లోపలి బీడ్ కోసేసే పనిముట్లు ఉన్నాయి, పొడుగు కడ్డీకి చివర బ్లేడ్. మంచినీళ్ళకీ, సాగునీళ్ళకీ మోటారుతో తోసే లైన్లలో అది అక్కర్లేదు, మూడు శాతం కోసం అంత శ్రమ ఎందుకు, పొరపాటున గోడ కోసుకుపోతే ఇంకా నష్టం. కానీ వాలు మీద నడిచే మురుగు లైన్లలో తప్పకుండా ఆలోచించాలి, అక్కడ హెడ్ లెక్క కాదు, పైపు సగమే నిండి మెల్లగా పారుద్ది, అడుగున ఉన్న రింగు చిన్న కట్టలాగా అడ్డం పడి బురద, గుడ్డపీలికలు పట్టేసుకుంటది. ఇసుక, బూడిద కలిసిన స్లర్రీ లైన్లలో రింగు వెనకాల సుడి గోడని అరగదీస్తది. ఫైబర్ కేబుల్ ఊదే డక్టుల్లో అయితే బీడ్ ఉండనే కూడదు.

ఇంట్లో పీపీఆర్ పైపులు వేయించుకునేవాళ్ళకి ఈ విషయం ఇంకా దగ్గరిది, కానీ ఎవరూ పట్టించుకోరు. 20 మిల్లీమీటర్ల పీపీఆర్ పైపు, 3.4 గోడ ఉన్నదైతే లోపలి వ్యాసం 13.2 మాత్రమే. ప్లంబర్ ఎక్కువసేపు వేడి చేసి ఫిట్టింగ్‌లోకి బలంగా గుచ్చితే పైపు మూతి దగ్గర 1.5 మిల్లీమీటర్ల రింగు లోపలికి పొంగుద్ది, దారి 10.2 అయ్యింది, వైశాల్యం అరవై శాతానికి పడింది. అలాంటి అతుకు ఒక్కోటి దాదాపు 60 సెంటీమీటర్ల పైపుతో సమానం, ప్రతి ఎల్బోకీ రెండు అతుకులు, ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి షవర్‌కి వచ్చేసరికి ఇరవై అతుకులు అవుతాయి, 12 మీటర్ల పైపు అదనంగా వేసినట్టు. ట్యాంక్ నుంచి షవర్‌కి ఉండేదే రెండు మూడు మీటర్ల హెడ్. 20 సైజుకి 260 డిగ్రీల దగ్గర 5 సెకన్లు వేడి, 4 సెకన్లలో కలపడం, 2 నిమిషాలు కదపకుండా ఉంచడం, 25 సైజుకి వేడి 7 సెకన్లు, 32కి 8 సెకన్లు. 20 పైపు 14 మిల్లీమీటర్ల లోతు వరకే దూరాలి, పెన్సిల్‌తో గీత పెట్టమని చెప్పండి. పై అంతస్తు బాత్‌రూమ్‌లకి మెయిన్ 32, బ్రాంచ్ 25 పెట్టించుకుంటే ఈ బాధ చాలా తగ్గుద్ది.

లైన్ వేసేశారు, నీళ్ళు అనుకున్నంత రావట్లేదు, జాయింట్ల వల్లేనా అని ఎలా తేల్చుకోవాలి. ముందు నీళ్ళు కొలవండి, 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి, సెకనుకి 8 లీటర్లయితే 25 సెకన్లు. మోటారు దాటాక ఒక గేజ్, పైపు చివర ఒక గేజ్ పెట్టి రెండింటి తేడా తీసుకోండి, 1 కేజీ అంటే 10 మీటర్లు, దాంట్లోంచి రెండు చోట్ల మధ్య ఎత్తు తేడా తీసేస్తే మిగిలింది లైన్‌లో పోయిన హెడ్. కొలిచిన ఫ్లోకి లెక్కేసిన రాపిడితో పోల్చండి, ఫ్లో తగ్గితే నష్టం కూడా దాదాపు వర్గంలో తగ్గుద్ది కాబట్టి డిజైన్ ఫ్లోతో కాదు, కొలిచిన ఫ్లోతోనే. మంచి జాయింట్ల 30 సెంటీమీటర్లు గేజ్ మీద 0.03 కేజీలు, ముల్లు కదలదు కూడా. తేడా పావు కేజీ, అర కేజీ ఉంటే ఏదో ఉంది.

అప్పుడు కూడా ముందు జాయింట్ల మీద పడొద్దు. వాల్వులు పూర్తిగా తెరిచారా, ఫుట్‌వాల్వులో చెత్త ఉందా, లైన్ గుట్ట మీదుగా ఎక్కి దిగే చోట ఎయిర్‌వాల్వు ఉందా చూడండి, ఎత్తు చోట గాలి ఇరుక్కుంటే అది వంద జాయింట్ల కంటే ఎక్కువ హెడ్ తినేస్తది. తర్వాత మధ్యలో ఇంకో రెండు చోట్ల ట్యాపింగ్ ఉంటే అక్కడ గేజ్ పెట్టండి, ఒక్క ముక్కలోనే ఎక్కువ పోతుంటే అక్కడ అడ్డం ఉన్నట్టు, లైన్ అంతా సమానంగా ఎక్కువ పోతుంటే పైపు లోపలి వ్యాసం తక్కువో, బీడ్‌లన్నీ పెద్దవో. రెండో అనుమానం తేలాలంటే ఒక జాయింట్ తవ్వి కోసి చూడాల్సిందే. బీడ్‌లు నిజంగా పెద్దవని తేలితే కప్పిన లైన్‌లో లోపలికి దూరి వాటిని తీయడం అయ్యే పని కాదు, కోసిన జాయింట్‌ని వంచి చూడండి, పగిలితే ఆ వెల్డర్ వేసిన భాగమంతా మళ్ళీ వేయించుకోవడమే, అతుకు గట్టిగా ఉంటే ఎల్బోలు తీసి వంపులు పెట్టి, ఎయిర్‌వాల్వులు పెట్టి పోయిన హెడ్ వేరే చోట తిరిగి రాబట్టుకోవచ్చు.

డిజైన్ చేసేవాళ్ళకి చివరి మాట, సీ విలువ 150 బదులు 145 పెట్టి లెక్కేస్తే రాపిడి ఆరున్నర శాతం పెరుగుద్ది, 110, అంతకంటే పెద్ద సైజుల్లో మంచి బట్ జాయింట్ల నష్టం ఆ ఆరున్నరలోనే సర్దుకుంటది. అలా 145 వేసుకున్నవాళ్ళు జాయింట్లకి మళ్ళీ విడిగా కలపక్కర్లేదు, ఎల్బోలు, వాల్వులు మాత్రం విడిగా కలపాలి.